చెల్లెలికి జ్ఞానతల్లిని వెతికిన రోజులు

మొన్న ఆదివారం ఇక్కడే ఐర్లండులోని టాలట్ నుంచి ఒక తెలుగు కుర్రాడు ఫోను చేసి, “అంకుల్, మా వైఫ్ కాథలిక్ అవుతోంది, మీ సిస్టర్ స్పాన్సర్‌గా నిలబడతారా?” అని అడిగితే కనుక్కుంటానన్నానే గాని, చాలాసేపు నా మనసు షానన్‌లోని మా పాత అద్దె ఇంట్లోనే తిరిగింది.

అప్పట్లో అన్నాచెల్లెళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. చెల్లెలు కతోలిక మతంలో చేరతానంటే నేను వద్దనలేదు. అయితే జ్ఞానస్నానం నాడు భుజం మీద చెయ్యి వేసి, ఈమెకు నేను తోడని చర్చిలో నిలబడే జ్ఞానతల్లో తండ్రో, అంటే స్పాన్సర్, కావాలన్నారు ఫాదర్. హిందువునైన నేను పనికిరాను. ఆ చెయ్యి పరాయివాళ్ళదైతే చెల్లెలు మాకు కాకుండా పోతుందేమోనన్నదే నా భయం. ఎవరూ నేర్పకుండానే లెక్కలు పట్టుబడినవాణ్ణి గనుక, తెలిసిన తెలుగువాళ్ళందరినీ వయసు, హోదా, మన జిల్లా అంటూ బేరీజు వేసి, గుంటూరు డాక్టరుగారి దగ్గర ఆగాను. “నాకేమైనా సంబంధం చూస్తున్నావా అన్నయ్యా?” అని చెల్లెలు నవ్వింది. డాక్టరుగారూ నవ్వారు. “మేం లూథరన్లమయ్యా! చర్చికి వెళ్ళేవాళ్ళంతా ఒకటేననుకున్నావా?” అన్నారు. నిజంగానే అలా అనుకున్నాను.

చెల్లెలి మనసులో మొదటినుంచీ ఉన్నది పక్కింటి ఐరిష్ పెద్దావిడ. వానైనా గాలైనా తనను ఆదివారం చర్చి పూజకు వెంటబెట్టుకు వెళ్ళిన మనిషి. ఒప్పుకోక తప్పలేదు. ఈస్టర్ ముందటి సాయంత్రం చివరి బల్ల మీద కూర్చుని, ముడతలు పడిన ఆ చెయ్యి చెల్లెలి భుజం మీద ఆనడం చూశాను. బయటికొచ్చాక నా ముఖంలో ఏం కనిపించిందో, “యూ విల్ బీ గ్రాండ్, లవ్” అని, ఏం ఫరవాలేదన్నట్టు, ఆవిడ నన్నే ఓదార్చింది.

కొన్నేళ్ళకు ఆవిడ పోయినప్పుడు, చర్చిలో ముందు వరుసలో ఆవిడ పిల్లల పక్కనే చెల్లెలూ నిలబడింది. ముందు వరుసలోని ఇంటివాళ్ళకు ఒక్కొక్కరే చెయ్యి కలిపే ఇక్కడి ఆచారం ప్రకారం ఊరివాళ్ళ వెనక నేనూ వంతుకోసం నిలబడి, నా సొంత చెల్లెలి చెయ్యి పట్టుకుని పరామర్శించి వచ్చాను.

ఇప్పుడు మనవాళ్ళలో కతోలికులు కావలసినంతమంది. ఒక్క ఫోనుతో పని జరిగిపోతుంది, మంచిదే. చెల్లెల్ని పోగొట్టుకుంటానని భయపడ్డాను గాని, చెల్లెలు ఎక్కడికీ పోలేదు. పూజకు వెళ్తూ పక్కింటివాళ్ళను కూడా పిలుచుకుపోయే ఆ తరమే వెళ్ళిపోయింది.