చిల్లున్న కెనడా నాణెం

పోయిన శుక్రవారం పొద్దున ఊరి నుంచి ఫోనొచ్చింది, కాక పోయాడని. సెలవు మీద వెళ్లి నెలైనా కాలేదు. దుబాయిలో, కరామాలోని మా గదిలో పై మంచం ఆయనది, కింది మంచం నాది. సొంత కాక కాదు, పక్క ఊరివాడు. నేను తమాషాకి టీలో ఉప్పు కలిపితే గదంతా నన్ను తిట్టేది. ఆయన మాత్రం గ్లాసు ఖాళీ చేసి, చక్కెర కొంచెం తక్కువైందనేవాడు.

కొన్నేళ్ల కిందట ఒక సెలవు రోజున ఆయన తమ్ముడు సముద్రంలోకి స్నానానికి దిగి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. సైటులో కెనడా ఇంజనీరు ఇచ్చిన నాణేనికి చిల్లు పొడిచి, ఆ తమ్ముడు నల్లదారంతో మెడలో కట్టుకునేవాడు. అదైనా ఒడ్డుకు కొట్టుకొస్తుందని కాక ఒక పాత మెటల్ డిటెక్టర్ కొని, ప్రతి శుక్రవారం ఒడ్డున వెతికేవాడు. అది దొరికితేనే పోయాడని నమ్ముతానన్నాడు. అంతవరకూ ఊళ్లో దినాలు చేయనివ్వలేదు. మరదలు బొట్టు తీయలేదు.

ఒడ్డున ఆ యంత్రం పట్టుకు తిరిగేవాళ్లంతా మేకులకూ సీసా మూతలకూ మోగకుండా సర్దుకుని బంగారం వెతుక్కుంటారు. కాకకు ఆ సుఖం లేదు. ఇప్పటి కెనడా చిల్లర పైన పూతే, లోపలంతా ఉక్కు. యంత్రానికి అదీ మేకూ ఒకటే. అందుకని మోగిన ప్రతిదాన్నీ తవ్వేవాడు. సముద్రాన్ని ఊడుస్తున్నావా కాకా అని నేనంటే, చాట నువ్వు పట్టు బిడ్డా అనేవాడు. టూరిస్టులు పారేసుకున్న కెనడా నాణేలు ఒకటీ అరా దొరికేవి. కళ్లతో చూసేవాడు కాదు. ముందు బొటనవేలితో నడిమధ్య తడిమేవాడు. చిల్లు లేకపోతే ముఖం తేటపడేది. ఆ పూట బిర్యానీ ఆయనే తినిపించేవాడు.

పోయిన చలికాలం ఒక సాయంత్రం ఆ వేలు నాణెం మీద ఆగిపోయింది. వంగి చూశాను. చిల్లుంది. పూత లేని అంచు తుప్పు పట్టి ఎర్రగా ఉంది. కాక దాన్ని మళ్లీ గుంతలోనే పెట్టి, అరచేత్తో ఇసుక కప్పాడు.

"మేకురా," అన్నాడు. "యల్లా, అటు దిక్కు పోదాం."

ఆయన వెనకే నడిచాను. ఆ తర్వాత కూడా ఆయన ఏ శుక్రవారమూ మానలేదు.

చావు కబురు చెప్పింది ఆ మరదలే. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పెట్టేసే ముందు అడిగింది.

"ఇగ శుక్రవారాలు ఎవరు దేవులాడుతరన్నా?"

నేను పోత చెల్లె, అన్నాను.

నిన్న కాక యంత్రం పట్టుకుని పోయాను. దాని హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుంటే ఇసుక కిందంతా ఒకటే గొణుగుడు. వినబడిన చోటల్లా తవ్వాను. కాక అరచేత్తో ఇసుక సర్దిన చోటు వచ్చేసరికి యంత్రాన్ని ఆపి భుజాన వేసుకుని, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, ఆ చోటును చుట్టి అవతల ఒడ్డెక్కాను.