స్టేషనుకి దారెటమ్మా

మా నాన్న పాస్టరు. దెయ్యాలంటే బైబిల్లో ప్రభువు వెళ్ళగొట్టినవే తప్ప, చింతచెట్ల మీద కూర్చుని జనాన్ని పట్టుకునేవి కావని మాకు చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు. సమాధుల తోట పక్కనుంచే ఒక్కదాన్నీ బడికి వెళ్ళొచ్చేదాన్ని. పెళ్ళయ్యాక కూడా ఆడవాళ్ళు చేరి అలాంటి కథలు మొదలుపెడితే లేచి పని చూసుకునేదాన్ని. అందుకే ఇది చెప్పడానికి నాకే కాస్త మొహమాటంగా ఉంది. కానీ అప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. మాది బందరు. మావారు సోమాజిగూడ దగ్గర ఒక స్కూల్లో మాస్టారు. ఇప్పటివాళ్ళు నవ్వుతారేమో గానీ, అప్పట్లో మాకు హైదరాబాదు పరాయి దేశమే. రాజు వేరు, రూపాయి వేరు, ఆఫీసు బోర్డుల మీద అక్షరాలు వేరు. సరిహద్దు స్టేషన్లో రైలాపి పెట్టెలు విప్పించి చూసేవాళ్ళు. ఇరుగుపొరుగు వాళ్ళు "మీ ముల్కు ఏది?" అని అడిగి, బందరని చెబితే "అంగ్రేజోళ్ల ఇలాకా!" అని ఏదో సముద్రాల అవతల ఊరన్నట్టు చూసేవాళ్ళు.

మేం అద్దెకున్నది అమీర్‌పేటలో. అప్పుడది తోటల మధ్య ఒక పల్లె. పంజగుట్ట వైపు వెళితే ఎర్రమట్టి బాట, దానికి రెండు పక్కలా ఏనుగులంత రాతిగుండ్లు, సీతాఫలం పొదలు. రెండు గదుల పెంకుటిల్లు మాది. పక్కింట్లో మల్లమ్మ అని కాపు కుటుంబం ఆవిడ ఉండేది. వాళ్ళ చేలో పండిన కూరగాయలు గంపలో పెట్టుకుని మాకు తెచ్చిచ్చేది.

మా అత్తయ్య మాతోనే ఉండేది. కొడుకు ఒక్కడే కాబట్టి రాక తప్పలేదు గానీ, వచ్చిన రోజు నుంచీ ఆవిడకి ఇక్కడి నీళ్ళు పడలేదు, మాట పడలేదు, అన్నంలోకి పులుపు కూడా సరిపోలేదు. "నన్ను ఈ పరాయి రాజ్యంలో పాతిపెట్టకండిరా" అని కొడుకుతో అంటూనే ఉండేది. బందరులో మామగారి సమాధి పక్కన తన కోసం చోటు ఉంచుకుంది.

ఆ వానాకాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. ఒకరు చంకల కింద చేతులేసి, ఇంకొకరు కాళ్ళు పట్టుకుంటే తప్ప మంచం మీద ఒత్తిగిలడం కూడా అయ్యేది కాదు.

చలికాలం మొదట్లో మావారికి బందరులోనే ఉద్యోగం దొరికింది. నాకు ఆరో నెల. పురిటికి అమ్మ దగ్గరికి ఎలాగూ వెళ్ళాలి. ఇక ఇల్లు ఎత్తేద్దామనుకున్నాం. డాక్టరు మాత్రం ఆవిడ రైలు ప్రయాణం తట్టుకోవడం అనుమానమేనన్నాడు. అత్తయ్య చెవిలో ఆ మాట పడనివ్వలేదు. బందరు వెళుతున్నాం అని మాత్రం చెప్పాం. పడిపోయిన నోటితోనే నవ్వింది.

సామాన్లు సర్దడం మొదలుపెట్టిన వారంలోనే, ఒక పొద్దున మల్లమ్మ గంప దించుతూ అడిగింది.

"ముసలమ్మకు మంచిగైందా బిడ్డా? నిన్న పంజగుట్ట కాడ గుండ్ల నడుమ నడుస్తుండె. నాకైతె మస్తు సంబురమైంది."

నేను నవ్వేశాను. ఇంకెవరినో చూసుంటావన్నాను.

"గదేంది, నాకు ఎరుక లేదా? తెల్ల చీర, సంకల మూట. 'ఏవమ్మాయ్, స్టేషనుకి దారెటు?' అని అడిగింది. గట్ల మాట్లాడేది మీ ఇంట్ల గాక ఈడ ఇంకెవరున్నరు?"

నేను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మంచం చూపించాను. అత్తయ్య నోరు తెరిచి నిద్రపోతోంది. మల్లమ్మ చాలాసేపు అలాగే చూసి వెళ్ళిపోయింది. కూరగాయల గంప మరిచిపోయింది.

తరవాత రెండు మూడు రోజులకి మావారు స్కూలు నుంచి మొహం ముడుచుకుని వచ్చారు. దారిలో కరీం భాయ్ టాంగా ఆపి అరిచాడట. కరీం భాయ్ మాకు బాగా తెలిసినవాడే, అత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళింది అతనే.

"మాస్టర్ సాబ్, మీ అమ్మను అట్ల ఒక్కదాన్ని ఇడిసిపెడుతరా? ఎండల నడుస్తుంటే టాంగ ఎక్కమన్న. ఏడికి అంటే బందరు అన్నది. జర ఆగమ్మా అని గుర్రాన్ని మలుపుతున్న, గంతలనే ఏడికో పోయింది."

మావారు ఇంట్లోకి వస్తూనే తిన్నగా తల్లి మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి తీసి ఆవిడ పాదాలు చూశారు. వేలితో అరికాళ్ళు తడిమారు. నాకు ముందు అర్థం కాలేదు. తరవాత తెలిసింది. ఎవరూ చూడనప్పుడు ఆవిడ లేచి నడుస్తోందేమోనని ఆయన ఆశ. మట్టి లేదు, ముల్లు లేదు. నెలల తరబడి నేల తాకని ఆ పాదాలు పసిపిల్ల పాదాల్లా మెత్తగా ఉన్నాయి. ఆయన మంచం పట్టె మీద కూర్చుండిపోయారు.

"ఒక్క క్షణం నిజమే అనుకున్నాను" అన్నారు నాతో.

నాకు భయం మొదలైంది ఆ మాటతోనే. అప్పటిదాకా ఇదంతా జనం పొరపాటేలే అనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక మావారు తల్లి దగ్గర కూర్చున్నారు. పెట్టెలు కట్టడానికి తాడు కావలసి వచ్చి, నేను మల్లమ్మని తోడు తీసుకుని పంజగుట్ట వెళ్ళాను. తిరిగొచ్చేటప్పటికి మిట్టమధ్యాహ్నం దాటింది. బాట మీద మా ఇద్దరి నీడలు తప్ప ఇంకేమీ లేవు. ఎండ అంత స్పష్టంగా ఉన్న రోజు నాకు ఇంకొకటి గుర్తు లేదు.

గుండ్ల మలుపు తిరిగేసరికి మాకు ముందు ఒకావిడ నడుస్తోంది. తెల్ల చీర. చంకలో మూట. నడిచేటప్పుడు ఎడమ చేత్తో కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకోవడం అత్తయ్య అలవాటు. అలాగే పట్టుకుంది. మల్లమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

నేను ఆగలేకపోయాను. "అత్తయ్యా!" అని పిలిచాను.

ఆవిడ వెనక్కి తిరిగింది. అదే మొహం. కానీ వంకర లేదు, పక్షవాతం రాకముందు ఎలా ఉండేదో అలా ఉంది. నన్ను చూసింది. నన్ను గుర్తుపట్టలేదు. బజార్లో ఎవరినో దారి అడిగినట్టు, స్పష్టమైన గొంతుతో అడిగింది.

"ఏవమ్మాయ్, స్టేషనుకి దారెటు?"

"జవాబియ్యకు బిడ్డా" అంది మల్లమ్మ నా చెవిలో. "నీ కడుపుల పిల్లున్నది. జవాబియ్యకు."

నేను ఇవ్వలేదు. ఆవిడ కాసేపు చూసి, విసుగ్గా తల తిప్పుకుని గుండు చాటుకి వెళ్ళింది. మల్లమ్మ నాకంటే ధైర్యవంతురాలు. చుట్టూ తిరిగి చూసొచ్చింది. అవతల ఖాళీ బీడు తప్ప మనిషి దాక్కునే చోటే లేదు.

నేను ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. తాడు ఎక్కడ పారేశానో కూడా తెలియదు. మావారు నేను వెళ్ళేటప్పుడు కూర్చున్న చోటే కూర్చుని ఉన్నారు. అమ్మ ఇంతసేపూ నిద్రపోతూనే ఉంది, ఒక్కసారైనా కదల్లేదు అన్నారు. నా వాలకం చూసి ఏమైందని అడిగారు. చెబుదామని నోరు తెరిచాను.

అప్పుడే అత్తయ్య కళ్ళు తెరిచింది. నా వైపు చూసింది. ముద్దమాటతో, కోపంగా అంది.

"దారడిగితే చెప్పవేమే?"

మావారు నన్ను పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. అక్కడ ఆయనకి జరిగిందంతా చెప్పాను.

ఆ రోజు నుంచి నేను ఆ గదిలోకి ఒక్కదాన్నే వెళ్ళలేదు. గంజి తాగించాలన్నా మల్లమ్మని పిలుచుకునేదాన్ని. మావారు దీన్ని నమ్మారని చెప్పను గానీ, అనుకున్నదానికంటే ముందే ప్రయాణం పెట్టారు. ఎందుకంటే ఆలోగా ఇంకో సంగతి బయటపడింది. అత్తయ్యని చూశామన్న వాళ్ళు చెప్పే చోట్లు మారుతూ వస్తున్నాయి. ముందు పంజగుట్ట గుండ్ల దగ్గర, తరవాత అమీర్‌పేట బావి దగ్గర, ఆ తరవాత బేగంపేట రైలు గేటు దగ్గర. ఎవరూ చెప్పకుండానే ఆవిడ దారి తెలుసుకుంటోంది.

అటు ఆవిడ స్టేషనుకి దగ్గరవుతున్న కొద్దీ, ఇటు మంచం మీది మనిషి మాకు దూరమవుతూ వచ్చింది. ఆకలి అనడం మానేసింది. దాహం అనడం మానేసింది. చివరికి కొడుకు వంగి "అమ్మా" అని పిలిచినా, ఆయన వెనకున్న గోడను చూసినట్టు చూసేది. మేం బయలుదేరేలోగా ఆ మంచం మీద ఊపిరి మాత్రమే మిగులుతుందని నాకు భయం. అక్కడి మా చర్చి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ప్రార్థన మధ్యలో ఆవిడ మంచం మీదే ఎడమ పాదం నడుస్తున్నట్టు కదిలించింది. ఆయన ఆమెన్ అనడం కూడా మరిచిపోయారు.

బయలుదేరిన రోజు ఆవిడని నులకమంచం మీదే ఎడ్లబండిలో బేగంపేట స్టేషనుకి చేర్చాం. ప్లాట్‌ఫారం మీద మంచం దించుతుంటే హమాలీ ఒకతను సాయం వచ్చాడు. సామాన్లు చూసి, "బందరు పోయేటోళ్ళు మీరేనా? మీ ముసలమ్మ పొద్దుగాల్నే వచ్చి కూసున్నది. నీళ్ళు అడిగితే ఇచ్చిన" అని బెంచీ చూపించాడు.

బెంచీ మీద ఎవరూ లేరు. కింద నేల తడిగా ఉంది.

"గిప్పటిదాంక ఈడనే ఉండె" అంటూ అతను మంచం వైపు తిరిగాడు. మొహం మీది దుప్పటి గాలికి తొలగింది. అతను రెండడుగులు వెనక్కి వేసి, కూలి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

రైలొచ్చింది. అత్తయ్యని బల్ల మీద పడుకోబెట్టాం. బండి కదిలి కాస్త వేగం అందుకోగానే ఆవిడ కళ్ళు తెరిచింది.

"అమ్మయ్య! అందింది బండి" అంది.

ముద్దమాట కాదు. గుండ్ల దగ్గర నేను విన్న గొంతు. అంటూనే కుడి చేత్తో, ఆ పడిపోయిన చేత్తో, పైట సర్దుకుంది. మావారు ఏడుస్తూ ఆ చేతిని పట్టుకున్నారు. నేను మాత్రం కిటికీకి ఆనుకుని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, బందరు వచ్చేదాకా ఆవిడ మీంచి చూపు తిప్పలేదు.

బందరు వచ్చాక కొన్ని నెలల్లో అత్తయ్య కర్ర పట్టుకుని నడిచింది. తరవాత కర్ర కూడా వదిలేసింది. నా కూతురికి నలుగు పెట్టి స్నానాలు చేయించింది ఆవిడే. కానీ హైదరాబాదు మాట ఎత్తితే, "నేనెప్పుడు వెళ్ళానే? బందరు దాటి ఎరగను కదా" అనేది. మల్లమ్మ గుర్తు లేదు. ఆ ఇల్లు గుర్తు లేదు. అక్కడున్న అన్ని సంవత్సరాల్లో ఒక్క పూట కూడా గుర్తు లేదు. పక్షవాతం వచ్చినవాళ్ళకి అలా జరుగుతుంటుందని డాక్టరు చెప్పాడు. నేనూ ఆ మాటనే పట్టుకున్నాను.

కొన్నేళ్ళకి, యూనియన్ సైన్యం వచ్చి, హైదరాబాదు ఇండియాలో కలిసి గొడవలన్నీ సద్దుమణిగాక, మావారి పాత స్నేహితుడి ఇంట్లో పెళ్ళికి హైదరాబాదు వెళ్ళాం. నేను మల్లమ్మని చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ నన్ను కావలించుకుని, పిల్లని ఎత్తుకుని, "ముసలమ్మ ఎన్నడు పోయింది బిడ్డా? రైలుల్నేనా?" అంది.

పోలేదని, లక్షణంగా తిరుగుతోందని చెప్పాను. మల్లమ్మ పిల్లని మెల్లగా కిందికి దించింది.

"మరి గీడ తిరిగేదెవరు?"

నేను పిల్లని దగ్గరికి లాక్కున్నాను.

"మీరు పోయిన మర్నాటి సంది వస్తది. గిప్పుడు టేషన్ అడుగుతలేదు. 'మాస్టారి ఇల్లు ఎక్కడమ్మా?' అని అడుగుతది. మీ ఇంటి ముంగట నిలబడి గదే అడుగుతది. ఎన్నాళ్ళని నోరు మూసుకుంటం బిడ్డా? పాపమనిపించి చెప్పిన, వాళ్ళు వాళ్ళ ముల్కుకు పోయిండ్రు అని. 'నన్నొదిలేసి వెళ్ళిపోయారా?' అన్నది. ఏడుసుకుంట పోయింది. మల్ల వచ్చింది. మల్ల గదే."

సాయంత్రం కాకముందే పిల్లని తీసుకుని అక్కణ్ణుంచి వచ్చేశాను. మేమున్న ఆ ఇంటి వైపు తలెత్తి చూడలేదు. బందరు తిరిగి వెళ్ళేసరికి అత్తయ్య వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "వచ్చారా? పెళ్ళి బాగా జరిగిందా?" అని నవ్వింది. పిల్ల పరుగెత్తి వెళ్ళి ఒళ్ళో వాలింది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను.

ఆ తరవాత ఆవిడ చాలా ఏళ్ళే బతికింది. కోరుకున్నట్టే మామగారి పక్కన సమాధి చేశాం. ఆవిడ వల్ల నాకు ఒక్క కష్టం కూడా కలగలేదు. అయినా ఆవిడ ఉన్నన్నాళ్ళూ, ఇంట్లో మేమిద్దరమే ఉండాల్సి వస్తే ఏదో పని పెట్టుకుని వీధి అరుగు మీదికి వచ్చి కూర్చునేదాన్ని. మావారితో కూడా ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు నా కూతురు హైదరాబాదులోనే, పంజగుట్ట పక్కన శ్రీనగర్ కాలనీలో ఉంటోంది. వచ్చి తన దగ్గర ఉండమని బతిమాలుతుంది. అక్కడ గుండ్లు లేవు, ఆ బాటా లేదు, అన్నీ మేడలేనట. నేను వెళ్ళను. ఏదో వంక చెబుతాను. ఆ జనంలో ఎక్కడో తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ నన్ను ఆపి, మాస్టారి ఇల్లెక్కడమ్మా అని అడిగితే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.