తడి ఆకు

మా బావ సీనప్పకు నోరు తక్కువ. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు మా ఇంట్లో ఒక పూటంతా కూర్చుని, "మజ్జిగ బాగుండాది" అన్న ఒక్క మాట మాట్లాడి వెళ్ళిపోయాడు. మా అక్క అక్కయమ్మ దానికి పూర్తిగా వేరు, పలకరిస్తే చాలు గంటసేపు వదలదు. "ఈ మూగాయనతో ఎట్ల కాపురం చేస్తావే?" అని అందరం ఆటపట్టించాం. "మాట్లాడేదానికి నేనుండాను కదా. వినేదానికి ఒకరు కావల్ల," అంది. అట్లాంటి బావ ఒక కాలువ కోసం మూడేళ్ళు చిక్కబళ్ళాపురం ఆఫీసుల చుట్టూ తిరిగి, కనిపించిన ప్రతి అధికారికీ చేతులు జోడించి మాట్లాడాడంటే ఊళ్ళో చాలామంది నమ్మలేదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

నా పేరు నాగేశ్. దిబ్బూరహళ్ళి క్రాసులో చిన్న హోటలు నడుపుతాను. నాకు కోపం ఎక్కువని అంటారు. అంటే అననీ, లేనిదేమీ చెప్పడం లేదు వాళ్ళు. మా బావను నేను నోటికొచ్చినట్టు తిట్టిన రోజులున్నాయి, ఆయన పక్కన కూర్చుని ఏడ్చిన రోజూ ఉంది.

బావవాళ్ళది పట్టుపురుగుల ఇల్లు. ఏటికి ఈ పక్క ఇల్లు, ఆ పక్క మల్బరీ తోట. ఏరు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఏడాదిలో పది నెలలు అందులో పిల్లలు క్రికెట్ ఆడతారు, మేకలు పడుకుంటాయి. పొద్దున అక్క ఆ ఇసుకలో నడిచి అవతలికి వెళ్ళి, ఆకు కోసి, పాత చీరతో కుట్టిన గుడ్డలో మూట కట్టి, నెత్తిన పెట్టుకుని వచ్చేది. పురుగు పెంచే గదిలోకి బయటివాళ్ళను రానివ్వరు, ఏ రోగం మోసుకొస్తారో అని. సొంత బావమరిదిని నేను కూడా గడప బయటే నిలబడి మాట్లాడాలి. "మీ పురుగులకుండే మర్యాద నాకు లేదే ఈ ఇంట్లో!" అని అరిచేవాణ్ణి. "పురుగు కూడు పెడతాది. నువ్వేం పెడతావురా, చల్లారిన ఇడ్లీ?" అని అక్క లోపలినుంచే జవాబిచ్చేది.

పట్టుపురుగు నాలుగుసార్లు తిండి మాని, కదలకుండా పడుకుని, చర్మం విడుస్తుంది. దాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటి లేచిందంటే ఇక దాని ఆకలికి అంతుండదు. వేసిన ఆకు వేసినట్టే మాయమవుతుంది. ఇంట్లో ఒకరు వేస్తూ ఉండాలి, ఒకరు తెస్తూ ఉండాలి. ఆ ఆకు తడిగా ఉండకూడదు. తడి ఆకు తిన్న పురుగు జబ్బుచేసి చస్తుంది, నెల కష్టం పెంటకుప్పలో పోతుంది.

ఆ ఏడు కార్తీకమాసంలో వాన పట్టుకుంది. మా దిక్కు వానలు కావవి. మబ్బు కదిలేది కాదు, సూర్యుడు కనబడేవాడు కాదు. బావ ఇంట్లో పురుగులు సరిగ్గా నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. అక్క ఆకు కోసం ఏరు దాటి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయట. పైన ఎక్కడో చెరువులన్నీ నిండి మరవ పారాయి, అలుగులు పొర్లాయి, ఆ నీళ్ళంతా ఒక్కసారిగా వచ్చి ఏట్లో పడ్డాయి. మూటతో దాటబోయిన అక్కను మధ్యలో లాక్కుపోయాయి. కింది ఊరి దగ్గర కంపచెట్లలో దొరికింది. మూట ఒంటికే చుట్టుకుని ఉంది.

మావాళ్ళలో పోయినవాళ్ళను సొంత పొలంలోనే పూడుస్తాం. మల్బరీ తోట పై అంచున, గట్టు కింద అక్కను పెట్టాం. బావ ఒక నల్లరాయి తెచ్చి తలవైపు నాటాడు. ఆ పంట పురుగులు ఎవరూ ఆకు వేయక గూడు కట్టకుండానే పోయాయి. తర్వాత ఆయన మళ్ళీ పురుగు పెట్టలేదు.

కర్మలు కాగానే కాలువ సంగతి ఎత్తాడు. తోటకు పైన ఏరు మలుపు తిరిగే చోట కాలువ తవ్వితే, వరద నీళ్ళు గుట్ట అవతల ఎండిపోయిన చెరువుకు పోతాయి. ఊరి దగ్గర ఏరు పొంగకుండా ఉంటుంది. ఇది కొత్త ఆలోచన కాదు, పెద్దలు ఎప్పటినుంచో అనుకుంటున్నదే. అనుకుని పడుకునేవాళ్ళు. బావ పడుకోలేదు. తెల్లారగానే బస్సెక్కేవాడు. సాయంత్రం తిరిగొచ్చి నా హోటలు ముందు దిగి కాఫీ తాగేవాడు.

"ఏమైంది బావా?"

"రేపు రమ్మన్నారు."

"రేపు రమ్మంటే పోతావా నువ్వు? మర్యాదస్తుడివి! నేనైతే టేబులు తిరగేసొస్తా."

"టేబులు తిరగేస్తే కాలువ వస్తాదా నాగేశా?" అని లేచి వెళ్ళిపోయేవాడు.

చివరికి మంజూరైంది. ఇంజనీరు శ్రీనివాసమూర్తి మంచి మనిషి, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎండలో తనే నిలబడి సున్నంతో గీత వేయించాడు. ఆ గీత ఏటి మలుపులో మొదలై, బావ తోటలోకి వచ్చి, తిన్నగా అక్క సమాధి మీదుగా గుట్ట వైపు పోయింది.

ఇంజనీరు అక్కడే ఆగిపోయాడు. "సీనప్పా, గీత పక్కకు జరపొచ్చప్పా. కానీ పక్కనంతా బండ. మళ్ళీ సర్వే కావాల, మళ్ళీ మంజూరు కావాల. ఈ వానాకాలానికి కాదు. వచ్చేదానికి కూడా నేను మాటియ్యలేను," అన్నాడు.

బావ రాయి వైపు చూశాడు. "జరపొద్దండి సార్," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ తలచుకుంటే మండుతుంది. "ఏం మనిషివి నువ్వు? నీళ్ళలో పోయిన ఆడమనిషిని తవ్వి తీసి, ఆడ మళ్ళీ నీళ్ళే పారిస్తావా? పూడ్చినాక కదిలించొచ్చా యాడైనా?" అని ఊరందరి ముందు అరిచాను. చింతామణిలో ఉన్న ఆయన కూతురు నేత్రకు ఫోన్ చేశాను. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది. "ఇంగొక ఏడు ఆగు నాయనా. అమ్మను కదిలించొద్దు," అని కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. బావ ఆమె తల నిమిరాడే కానీ ఆగుతానని మాత్రం అనలేదు. ఇదేం గుండెరా దేవుడా అనుకున్నాను. ఆయన కాఫీకి వస్తే ముఖం తిప్పుకున్నాను.

జేసీబీ వచ్చే రోజు తెల్లవారగానే వెళ్ళి సమాధి మీద కూర్చున్నాను. "నన్ను కూడా కలిపి తవ్వుకోండి" అన్నాను. డ్రైవరు బండి ఆపి దూరంగా నిలబడ్డాడు. బావ వచ్చాడు. చంకలో ఏదో మడిచిన గుడ్డ ఉంది. నన్ను లెమ్మనలేదు. నా పక్కనే మట్టిలో కూర్చున్నాడు.

"నాగేశా, ఆ పొద్దు నేనొక మాటన్నాను మీ అక్కను," అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను.

"ముందు పంటలో తడాకు తెచ్చింది. పురుగంతా సచ్చిపోయింది. అందుకని ఆ పొద్దు పోతాంటే కసురుకున్నా. 'తడాకు తెస్తే గడప తొక్కొద్దు' అన్నా. ఎప్పుడూ కసురుకోనోణ్ణి. ఆ పొద్దే నోరొచ్చింది నాకు."

తలవైపు రాయి మీద చెయ్యి వేశాడు. మిగతాది కూడా చెప్పాడు.

"ఆకు బిరీన కోసేసింది. వెంటనే వచ్చింటే దాటేసిండేది. మోటారు షెడ్డులో ఆకు పరిచి, కొంగుతో విసురుతా కూర్చుండాది. పక్క చేన్లో ఉండే కొండప్ప 'నీళ్ళొస్తాండాయి, బిరీన రా అక్కయమ్మా' అని కేకేసినాడంట. 'ఆకు ఇంకా ఆరలేదప్పా. తడిది తీసుకుపోతే ఆయప్ప బాధపడతాడు' అనిందంట. నేను బాధపడతానని కూర్చుండాది రా అది."

"ఇంతకాలం నాకు చెప్పలేదే బావా?"

"చెప్తే నువ్వు తిడతావు. నువ్వు తిడితే నాకు బరువు దిగిపోతాది. అది దిగిపోకూడదని చెప్పలేదు." తోట అవతల ఏటి వైపు చూశాడు. "రోజూ ఈ ఏట్లోనే పిల్లోళ్ళు బడికి పోతాండారు. ఇంగొక వానాకాలం నేను చూడలేను నాగేశా. నా చేత కాదు."

తిట్టడానికి నా నోట్లో మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆ రోజు ఒక్కటి కూడా రాలేదు. ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను, ఆయనా ఏడ్చాడు. తర్వాత లేచి పార అందుకున్నాను.

అక్కడ మిషను పెట్టనివ్వలేదు. ఇద్దరమే తవ్వాం. లోతుకు పోయాక పారలు పక్కన పెట్టి చేతులతో మట్టి తీశాం. ముందు పచ్చ గాజు ముక్కలు దొరికాయి. ముత్తైదువగా పోయింది కదా, చేతినిండా గాజులతోనే పెట్టాం. బావ వాటిని ఒక్కొక్కటీ ఏరి తుడిచాడు. తర్వాత చంకలోని గుడ్డ పరిచాడు. అది అక్క ఆకు మూట కట్టే గుడ్డ. ఉతికి దాచుకున్నాడు. ఎముకలు, గాజు ముక్కలు అందులో పెట్టి, అక్క కట్టినట్టే నాలుగు కొసలు కలిపి ముడివేశాడు.

"నేను పట్టుకుంటా బావా," అన్నాను.

"వద్దు," అని తానే నెత్తిన పెట్టుకున్నాడు. ఎండిన ఏట్లోకి దిగాం. మధ్యలోకి వచ్చాక ఆయన నడక నెమ్మదైంది. ఒక చేత్తో మూట పట్టుకుని, ఇసుక చూసుకుంటూ ఒక్కో అడుగు వేశాడు. ఇంటి వెనక గట్టున నేత్ర పసుపు కుంకుమ పట్టుకుని నిలబడి ఉంది. అక్కడ కొత్తగా గుంత తీయించి ఉంచాడు. మూట దించి, "ఇంటికొచ్చేసినావు లే," అన్నాడు. ఆ మాట విని నేత్ర నేల మీద కూలబడింది.

కాలువ ఆ ఎండాకాలంలోనే పూర్తయింది. వినాయక చవితి వెళ్ళాక వానలు దిగాయి. పై చెరువులు మళ్ళీ మరవ పారాయని ఫోన్లు వచ్చాయి. జనమంతా ఏటి మలుపు దగ్గరికి పరిగెత్తారు. ఎర్రటి నీళ్ళు వచ్చి, గట్టుకు కొట్టుకుని, కాలువలోకి తిరిగి, గుట్ట వైపు పోయాయి. ఈలలు వేశారు, టెంకాయలు కొట్టారు. ఇంజనీరును ఇద్దరు ఎత్తుకుని తిప్పారు. "సీనప్ప యాడ? సీనప్పను పిలవండప్పా!" అని ఎవరో అరిచారు. సీనప్ప అక్కడ లేడు.

నాకు భయం వేసింది. ఊరి దగ్గర ఏరు దాటే చోటికి పరిగెత్తాను. ఏటి మధ్యలో, అక్క పోయిన చోట, పంచె ఎగ్గట్టుకుని నిలబడి ఉన్నాడు. వానకు తడిసి ముద్దయ్యాడు. వంగి తన కాళ్ళనే చూస్తున్నాడు.

"బావా! ఏం చేస్తాండావు ఆడ? రా బయటికి!"

తల ఎత్తి నన్ను చూశాడు. నీళ్ళు ఆయన మోకాళ్ళ కింద పారుతున్నాయి.

"చూడు నాగేశా, మోకాలి దాకా కూడా లేవు," అన్నాడు. "ఇంత నీళ్ళైతే మీ అక్క దాటేసిండేది రా. ఆకు ఆరినాకే వచ్చింటే కూడా దాటేసిండేది."