కారు చక్రానికి అమ్మ చూసిన కొలత

మా అమ్మ గాజులమ్ముతుంది. నా చిన్నప్పుడు నాట్లకు, కలుపులకు కూలికి పోయేది. నడుము పట్టేసి వంగలేకపోయిన ఏడాది గాజుల గంప ఎత్తుకుంది. బీర్కూరు, పెద్ద కొడప్‌గల్ వారపు అంగళ్లకు బస్సులో పోయి పొద్దుగూకేసరికి తిరిగొచ్చేది. బాన్సువాడలో నాకు ఆఫీసు ఉద్యోగం దొరికిన రెండేళ్లకు ఒక పాత చిన్న కారు కొన్నాను. అప్పటి నుంచి సెలవు రోజుల్లో అమ్మనూ ఆమె గాజుల పెట్టెలనూ అంగడికి నేనే తీసుకుపోతున్నాను.

కారు ఇనుప చక్రాలు తుప్పుపట్టాయి. అందులో ఒకటి గుంతలో పడి అంచు వంగింది. ఎలాగూ మార్చాలి కదా, నాలుగూ తీసేసి అల్లాయ్ చక్రాలు వేయిద్దామన్నాను. నిజం చెప్పాలంటే అంచు వంగడం నాకొక సాకు. భోజనాల వేళ తోటివాళ్లు ఫోన్లలో చీరలు చూస్తుంటే నేను చక్రాలు చూసేదాన్ని.

బస్టాండు అవతలి టైర్ల దుకాణానికి ఇద్దరమూ వెళ్లాం. దుకాణం అన్న నవ్వు ముఖం మనిషి. గోడకు వరసగా వేలాడుతున్న చక్రాలను చూడగానే నా గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది.

"పదహారు ఇంచులది చూపియ్యి అన్నా, నల్లది," అన్నాను.

ఆయన టైరు ఎక్కించి ఉన్నదాన్ని దొర్లించుకుంటూ తెచ్చాడు. అమ్మ వంగకుండా, అక్కడున్న స్టూలు మీద కూర్చుని టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కింది.

"గిదేంది, రబ్బరు గింత సన్నగున్నది?"

"చక్రం పెద్దగైతే టైరు మందం తగ్గుతదమ్మా. మొత్తం ఎత్తు మారొద్దు గదా," అన్నాడాయన.

"మరి గుంతల పడితే దెబ్బ ఎవలికి తగుల్తది?"

"నీకు తెల్వదమ్మా, గిదే స్టైలు," అన్నాను.

"నీ స్టైలుకు నా గాజులు పలగాల్నా?"

దుకాణం అన్న పకపకా నవ్వాడు. "అమ్మ చెప్పిందే కరెక్టక్కా. మన రోడ్లకు పద్నాలుగే మంచిది. టైరు మందంగుంటది, కుదుపు తాగుతది."

పదహారు పోయి పద్నాలుగు వచ్చింది. తర్వాత చామంతి రేకుల్లాగా సన్నసన్నని కమ్మీలున్న ఒక డిజైను పట్టుకున్నాను. అమ్మ దాని సందుల్లో వేలు దూర్చింది.

"నాట్ల కాలంల బురదంత గీ సందుల్ల ఇరుక్కుంటది. కడిగేది నువ్వా, నేనా?"

చివరికి అయిదు వెడల్పాటి కమ్మీలున్నది ఖాయమైంది. నా ముఖం చూసి జాలి పడిందేమో, "రంగు మాత్రం నీ ఇష్టం బిడ్డా," అంది. నల్లదే తీసుకున్నాను.

దుకాణం అన్న శ్రద్ధగానే చూశాడు. బోల్టు రంధ్రాలు నాలుగూ, వాటి మధ్య దూరం మా కారుకు సరిపోతున్నాయో లేదో కొలిచాడు. చక్రం మరీ బయటికొచ్చి టైరు బాడీకి రాసుకోకుండా జాగా చూసుకున్నాడు. పాత నట్లు ఈ చక్రాలకు సరిగా కూర్చోవని కొత్తవి తీశాడు. ఇన్ని చూసినవాడు ఒక్కటి మరిచాడు. అది అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

చక్రాలు బిగించాక కారు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. రోడ్డు దాటి అవతలి నుంచి ఒకసారి చూసొచ్చాను. "పెండ్లిపిల్లను చూసినట్టు చూస్తున్నవేందే," అని అమ్మ నవ్వింది. ఆ వారమంతా ఆఫీసు కిటికీలోంచి కారు కనబడేలా నా కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.

ఆదివారం పెద్ద కొడప్‌గల్ బయలుదేరాం. వేగం అరవై దాటగానే స్టీరింగు నా చేతుల్లో వణకడం మొదలైంది. వెనక గాజుల పెట్టెలు ఒకటే గలగల. వేగం తగ్గిస్తే ఆగింది, పెంచితే మళ్లీ వచ్చింది. అంగట్లో పెట్టెలు విప్పితే అడుగు పెట్టెలో గాజులు కొన్ని పలిగి ఉన్నాయి.

"మెత్తగుంటయని నేనే గదా పద్నాలుగు తీస్కోమన్నది," అని అమ్మ తన మీదే వేసుకుంది.

మర్నాడు ఆఫీసుకు పోయే ముందు దుకాణంలో ఆగాను. అన్న చక్రాలన్నీ విప్పి బ్యాలెన్సింగు మళ్లీ చేశాడు. వణుకు పోలేదు. రెండ్రోజుల తర్వాత ఇంకోసారి చేశాడు. అయినా పోలేదు. "రోడ్డే గట్లున్నదేమో అక్కా," అన్నాడు గానీ ఆ మాట మీద ఆయనకే నమ్మకం లేదు.

మూడోసారి అమ్మ కూడా వస్తానంది. చక్రం ఊడదీసి పక్కన పెట్టగానే స్టూలు లాక్కుని కారు దగ్గరే కూర్చుంది. చక్రం మధ్యలోని పెద్ద రంధ్రం చూసింది. అది కూర్చోవలసిన ఇరుసు మొన చూసింది. మళ్లీ రంధ్రం చూసింది.

"ఓ బిడ్డా, గిది రెండు-రెండు చెయ్యి. గాజేమో రెండు-పద్నాలుగు ఏసిండ్రు."

గాజుల లెక్క చక్రానికెందుకో నాకూ, దుకాణం అన్నకూ అర్థం కాలేదు. రెండు-రెండు, రెండు-నాలుగు అనేవి గాజుల సైజులు. సన్నని చేతులకు రెండు-రెండు సరిపోతుంది. అంకె పెరిగేకొద్దీ గాజు పెద్దదవుతుంది.

అమ్మ సంచిలోంచి చేతుల కొలత చూసే ఇత్తడి గాజుల గుత్తి తీసింది. అందులో రెండు-రెండు గాజును ఇరుసు మొనకు ఆనించింది. కొలిచి చేసినట్టుగా అంచుకు అంచు కలిసింది. అదే గాజును చక్రం రంధ్రంలో పెడితే చుట్టూ వేలు పట్టేంత ఖాళీ మిగిలింది.

"రెండు-పద్నాలుగు గాజు ఏసుకునే మనిషిని నేనింతవరకు చూడలే. గింత వదులుగుంటే ఊగదా మరి?"

దుకాణం అన్న చేతిలోని పానా కింద పెట్టి నెత్తి కొట్టుకున్నాడు. "అరె! రింగు! హబ్ రింగు ఏసుడు మర్చినం అక్కా!"

బయట దొరికే చక్రాలకు అన్ని కార్లకూ పనికొచ్చేలా మధ్య రంధ్రం పెద్దగా పెడతారట. ఒక్కో కారుకు తగిన రింగు ఆ ఖాళీలో వేస్తేనే చక్రం సరిగ్గా నడిమధ్యన కూర్చుంటుంది. లేకపోతే నట్లు ఎంత బిగించినా వెంట్రుకవాసి పక్కకు జరిగి తిరుగుతుంది. ఆయన దగ్గరకొచ్చే కార్లకు ఎక్కువగా కంపెనీ చక్రాలే వేస్తాడు కాబట్టి రింగుల సంగతి యాదికి రాలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. నిజామాబాదుకు ఫోన్ చేసి నాలుగు రింగులు బస్సులో పంపమన్నాడు.

రింగులు వచ్చిన రోజు అమ్మను పిలుచుకు రమ్మని ఆయనే ఫోన్ చేశాడు. మేము వెళ్లేసరికి స్టూలు తుడిచి, చాయ్ తెప్పించి పెట్టాడు. అమ్మ రింగులను ఒక్కొక్కటిగా తీసుకుని లోపలి అంచుకు గాజు ఆనించి చూసింది. మూడు బాగున్నాయంది. నాలుగోది పక్కన పెట్టేసింది.

"గిది రెండు-నాలుగు."

"అన్ని ఒక్కటే అమ్మా, ఒక్క పాకెట్ల వచ్చినయ్."

"జర చూడు నాయనా."

ఆయన రింగును వెలుతురుకు తిప్పి అంచు మీది అంకె చదివాడు. మిగతా మూడింటి మీద యాభై నాలుగు మిల్లీమీటర్లని ఉంటే, దీని మీద యాభై ఏడుంది. దుకాణంలో పనిచేసే వాళ్లందర్నీ పిలిచి చూపించాడు. వాళ్ల మధ్య అమ్మ ఏమీ పట్టనట్టు చాయ్ తాగుతూ కూర్చుంది, కానీ కొంగు రెండుసార్లు సర్దుకుంది. నాకు గర్వంతో కళ్లు చెమ్మగిల్లాయి. "నీకు తెల్వదమ్మా" అని ఎన్నిసార్లు అన్నానో, ఎన్ని విషయాల్లో అన్నానో గుర్తుకొచ్చింది.

సరైన రింగు మర్నాడు వచ్చింది. అన్న కొలతకని రెండు గాజులు అడిగి తీసుకుని తన పనిముట్ల పెట్టెలో వేసుకున్నాడు. అమ్మ ఇంకో రెండు సైజులు కలిపి ఇచ్చింది.

తర్వాతి ఆదివారం బీర్కూరు పోయాం. అరవై దాటింది. డెబ్బైకి వచ్చింది. స్టీరింగు మీద వేళ్లు వదులు చేశాను. కారు నీళ్ల మీద పడవలా పోతోంది. ముందు చెరకు ట్రాక్టరు ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు నిదానంగా కదులుతోంది. కారు కొన్నప్పటి నుంచి "మెల్లగ, మెల్లగ" తప్ప ఇంకో మాట అనని అమ్మ సీట్లో ముందుకు జరిగి, ఎదురుగా ఖాళీ రోడ్డు చూసి అంది:

"ఇగ దాటియ్యి బిడ్డా. దాని ఎనుక ఎంతసేపని పోదుం?"

హారన్ కొట్టి దాటేశాను. ట్రాక్టరు మీది మనిషి మా చక్రాలకేసి తిరిగి తిరిగి చూశాడు. అమ్మ కిటికీలోంచి ఆయనకు చెయ్యి ఊపింది.