అక్క చెప్పిన సాక్ష్యం

మా అక్కకు జబ్బు చేసి పన్నెండేళ్లయింది. గుడివాడలో డాక్టరుగారు జబ్బు పేరు కాగితం మీద రాసిచ్చారు గాని, ఊళ్లో దానికి బోలెడు పేర్లుండేవి. గాలి అన్నారు, చేతబడి అన్నారు, చదువెక్కువై మతి చెడిందన్నారు. ఎవరూ లేని వంటింట్లోంచి ఎవరో తనను తిడుతున్నారని అక్క చెవులు మూసుకుని కూర్చునేది. అమ్మానాన్నా పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఊరు కోడూరు దగ్గర, చేపల చెరువుల మధ్య. నేను బందరులో టీచరుద్యోగం చేసుకుంటూ నెలకోసారి వచ్చి, గుడివాడ తీసుకెళ్లి, మందులు కొనిచ్చి, తిరిగి బస్సెక్కేదాన్ని. ఇంతకన్నా ఎవరు చేస్తారని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది నాకు.

మందు పడింది. ఒక ఏడాదికి అక్క మునుపటి మనిషైంది. చర్చి ఊడ్చేది, ఆదివారం పాటల పుస్తకాలు పంచేది. నన్ను చూసి, "ఏవే, పిల్లలకు పాఠాలు చెప్తున్నావా, వాళ్ల దగ్గర నువ్వే నేర్చుకుంటున్నావా?" అని ఆటపట్టించేది. ఆ వేళాకోళానికి నేనెంత మొహంవాచి ఉన్నానో అది వినేదాకా నాకే తెలియదు.

అప్పుడు చేశాను ఆ పని. కోతపండుగనాడు చర్చిలో సంఘమంతా కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. తర్వాత ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. దాన్నే సాక్ష్యం అంటాం. నేను అక్కను మోచేత్తో పొడిచాను.

"లే అక్కా, చెప్పు. అందరి నోళ్లూ మూతపడాలి."

"ఏం చెప్పనే?"

"నయమైపోయిందని చెప్పు."

అక్క లేచి, దేవుడు తనను బాగు చేశాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్లు వచ్చి చేతులు పట్టుకున్నారు. చేతబడి అన్న ముసలావిడ కూడా కళ్లు తుడుచుకుంది. నేను తలెత్తుకుని ఆ సాయంత్రమే బందరు వెళ్లిపోయాను.

నయమైపోయిందని సంఘమంతటి ముందూ చెప్పిన మనిషి మర్నాడు ఏ మొహం పెట్టుకుని మాత్ర మింగుతుంది? అది నాకు తట్టలేదు. మానెయ్యమని ఎవరూ అనలేదు, పాస్టరయ్యగారు కూడా అనలేదు. వేసుకుంటే దేవుడి ముందు అబద్ధమాడినట్టవుతుందని తనంతట తనే మానేసింది. ఫోన్లో అడిగితే వేసుకుంటున్నానని నాకు మాత్రం అబద్ధం చెప్పింది. ఈస్టరు ముందు ఉపవాసాలు వచ్చేసరికి అన్నం కూడా మానేసింది. ఒక మధ్యాహ్నం చెప్పుల్లేకుండా చెరువు గట్ల వెంట సముద్రం వైపు నడిచిపోతుంటే, రొయ్యల చెరువుల్లో పనికెళ్లిన మా సంఘం ఆడవాళ్లు చూశారు. వెంట నడిచి, మాటల్లో పెట్టి, ఇంటికి తీసుకొచ్చారు.

నేను వెళ్లేసరికి అక్క నన్ను చూసి గోడవైపు తిరిగింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అయ్యగారి భార్యను పట్టుకుని అడిగేశాను. ఆవిడను మేం అమ్మగారంటాం.

"ఇంతమంది ఉండి ఒక్కరూ కనిపెట్టలేదేంటండీ?"

ఆవిడ నొచ్చుకోలేదు. "తప్పేనమ్మా. స్తోత్రం అనేసి మా ఇళ్లకి మేం వెళ్లిపోయాం" అన్నారు. నా తప్పు సంగతి మాత్రం ఎత్తలేదు.

గుడివాడలో మళ్లీ మందులు మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారు ఎవరినీ కదలనివ్వకుండా ముందుకొచ్చి నిలబడ్డారు. సంచీలోంచి షుగరు మాత్ర తీసి, అందరి ముందూ వేసుకుని, నీళ్లు తాగారు. "నాకు షుగరొచ్చి తొమ్మిదేళ్లయింది. ప్రార్థనా చేసుకుంటున్నాను, మాత్రా వేసుకుంటున్నాను. దేవుడికి దీంతో పేచీ ఏమీ లేదండీ" అన్నారు. అంతే, వెళ్లి కూర్చున్నారు.

సోమవారం సాయంత్రం ఆవిడ మాత్రల డబ్బా పట్టుకుని అక్క ఇంటికి వెళ్లారట. వారం తిరిగేసరికి బీపీ ఆవిడ, కీళ్లనొప్పులావిడ, చివరికి ఆ చేతబడి ముసలావిడ కూడా చేరారు. రోజూ సాయంత్రం అక్క వరండాలో చాపేసి కూర్చుంటారు. చిన్న ప్రార్థన, ఎవరి మాత్ర వాళ్లు, ఆ తర్వాత ఊరి కబుర్లన్నీ. అక్క మాట్లాడని రోజు మాట్లాడమని అడగరు. గొంతులు వినిపిస్తున్నాయంటే, "ఏవంటున్నాయే ఇవాళ?" అని అడిగి మరీ వింటారు. గుడివాడ వెళ్లే రోజు ఇద్దరు తోడు వెళ్తారు. నేను రానవసరం లేదని ఫోన్ చేసి చెప్పారు.

ఆ మాటకు సంతోషించాల్సింది పోయి కుళ్లుకున్నాను. నేను వెళ్తే అక్క చుట్టాన్ని పలకరించినట్టు "ఎప్పుడొచ్చావు, తిన్నావా" అంటుంది. ఆ ఆడవాళ్ల మధ్య మాత్రం ఉన్నట్టుండి ఒక చురక వేస్తుంది, వాళ్లు పడీ పడీ నవ్వుతారు. మా అక్క నోటిదురుసు నాకు రావలసిన ఆస్తి. దాన్ని ఊళ్లోవాళ్లు అనుభవిస్తుంటే గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

మొన్న బందరులో మంచం కొని ముందుగదిలో వేయించాను. ఇక ఉండబట్టలేక అక్కను తీసుకెళ్దామని వెళ్లాను.

"నాతో వచ్చెయ్యి అక్కా. నేనుండగా నీకీ ఒంటరి బతుకేంటి?"

"ఒంటరేవుందే ఇక్కడ?"

"ఎంతైనా వాళ్లు పరాయివాళ్లు. నేను నీ సొంత చెల్లెల్ని."

 అక్క నెమ్మదిగా, కోపమేమీ లేకుండా అంది.

"నీ దగ్గరుంటే నేను బాగుండాలే. ఇక్కడైతే బాగోపోయినా ఉండొచ్చు."

 సంచీ తీసుకుని బస్సెక్కాను. అవనిగడ్డ వచ్చింది, వెళ్లింది. చల్లపల్లి దాటాక గాని అక్కకు చెప్పాల్సిన జవాబు నా నోటికి రాలేదు.

"నాకు నువ్వు కావాలి అక్కా. బాగున్నా, బాగోపోయినా."

పైకే అనేసినట్టున్నాను. పక్క సీట్లో పెద్దావిడ నా వైపు తిరిగి, "నన్నేనా అమ్మా?" అంది.