చిట్టెం దిమ్మల మీద మెత్తని చెయ్యి

కాంక్రీటు పరీక్షశాలలో ఆయన్ని అందరూ చిట్టెం బాబాయి అనేవారు. ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం కర్మాగారాల వెనక గుట్టలుగా పడి ఉంటుంది కదా, దాన్ని పగలగొట్టి కంకర బదులు కాంక్రీటులో వేయొచ్చని పద్దెనిమిదేళ్లుగా కనపడ్డవాళ్లందరి దగ్గరా చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. ఇంట్లోనూ అదే గోల. “ఆ కాంక్రీటు దిమ్మల్ని చూసినంతసేపు నన్నెప్పుడైనా చూశారా?” అని భార్య దెప్పేది. బాబాయి నిజాయితీగా ఆలోచించి, నోరు మెదపకుండా ఊరుకునేవాడు. ఆ మాత్రం తెలివి ఉంది ఆయనకి.

ఎట్టకేలకు ఒకరు ఆయన మొర ఆలకించారు. ఒక రంగుల ఫ్యాక్టరీలో యాసిడ్ కారి నేల ఏటా గుంతలు పడుతోందట. చిట్టెం కాంక్రీటు తట్టుకుంటుందని తేలితే నేలంతా దానితోనే పోయిస్తామన్నారు. బాబాయి ఆరు మామూలు దిమ్మలు, ఆరు చిట్టెం దిమ్మలు పోసి యాసిడ్ తొట్టెలో వేశాడు. రెండు వారాలకోసారి పైకి తీసి, వదులైన పైపొరను బ్రష్‌తో రుద్ది, కడిగి, ఆరబెట్టి తూచాలి. ఎంత బరువు తగ్గితే అంత యాసిడ్ తినేసినట్టు.

మూడు నెలలు తిరిగేసరికి మామూలువి నూటికి తొమ్మిది వంతులు తగ్గాయి. చిట్టెంవి రెండే! బాబాయి కాళ్లు నేల మీద ఆనలేదు.

ఫ్యాక్టరీవాళ్లు మర్నాడు వస్తారనగా, ఆఖరి తూకానికి ఆయన దిమ్మలు రుద్దుతుంటే కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి పక్కన నిలబడి చూసింది.

“బాబాయ్, ఒకటి చెప్తా, కోప్పడరుగా?”

“చెప్పమ్మా.”

“మామూలువాటినేమో మాడిన గిన్నె తోమినట్టు తోముతున్నారు. చిట్టెంవాటిని మాత్రం పసిపిల్ల మూతి తుడిచినట్టు తుడుస్తున్నారు.”

బాబాయికి ఒళ్లు మండింది. “నా సర్వీసంత లేదు నీ వయసు!” అని కసిరాడు. కసిరాక, ఎందుకైనా మంచిదని ఒక చిట్టెం దిమ్మను బొటనవేలితో గట్టిగా రుద్దాడు. వేలికి బూడిదరంగు ముద్ద అంటుకుంది. బ్రష్‌తో పోవాల్సిన పొర ఇంకా దిమ్మ మీదే ఉంది. తప్పుడు లెక్క రాయాలని ఏనాడూ అనుకోలేదు పాపం, చెయ్యే పక్షపాతం చూపించింది. అమ్మాయి ముందు సిగ్గుతో చచ్చిపోయాడు.

కాసేపటికి బ్రష్ ఆమె చేతికిచ్చాడు. “పన్నెండూ నువ్వే రుద్దమ్మా. ఏది ఏదో చూడకు. నేను వరండాలో ఉంటా.”

దిమ్మలు ఆరేసరికి సాయంత్రమైంది. చిట్టెం దిమ్మల లెక్క ఏడుకొచ్చింది. మామూలువాటిది తొమ్మిది దాటలేదు. బాబాయి నివేదికలో రెండు కొట్టేసి, ఏడు వేసి, పక్కన సంతకం చేశాడు.

మర్నాడు ఫ్యాక్టరీ మేనేజరు పెదవి విరిచాడు. “తేడా ఇంతేనా?”

“ఇంతేనండి. మొన్న ఫోన్లో రెండన్నాను, అది నేను ముద్దు చేసిన లెక్క.”

మేనేజరు నవ్వాడు. నేలంతా కాదుగానీ ఒక మూల పోసి ఏడాది చూద్దామన్నాడు.

వాళ్లు వెళ్లాక అమ్మాయి మెల్లగా అడిగింది. “బాధగా ఉందా బాబాయ్?”

“ఉండదా మరి! పద్దెనిమిదేళ్లకి ఒక మూల దక్కింది.” కళ్లు తుడుచుకున్నాడు. “ఆ మూల కొలతలు నువ్వే తియ్యి తల్లీ. నేను బతిమాలినా సరే, నన్ను మాత్రం ముట్టుకోనివ్వకు.”