ట్యాంకులో కింది సగం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, నాకు మనుషుల మీద కంటే లెక్కల మీద నమ్మకం ఎక్కువ. చదివింది ఏడో తరగతే. కానీ మిర్చి బస్తాల తూకాల దగ్గరా, చేను కొలతల దగ్గరా కూర్చుని ఎవరూ చెప్పకుండానే లెక్కలు నేర్చుకున్నాను. నేర్చినవాడు ఊరుకుంటాడా? మా ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి ఎన్ని అడుగులో (వెయ్యీ నూట నలభై), అమ్మ బిందెలో ఎన్ని చెంబుల నీళ్లు పడతాయో, నాన్నమ్మ ఒక పూటకు ఎన్ని తమలపాకులు నములుతుందో అన్నీ చెప్పేవాణ్ణి. ఎవరూ అడిగేవారు కాదు. అయినా చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కాసేపు నోరు మూసుకోమని చెప్పాలనిపిస్తుంది.

మాది భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న ఊరు. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు రెండు జతల ఎడ్లు అమ్మి చిన్న డీజిల్ ట్రాక్టర్ కొన్నాం. పెద్ద ట్రాక్టర్ల పక్కన నిలబెడితే దూడలా ఉండేది. ఊళ్లో వాళ్లు దానికి 'బుడ్డోడు' అని పేరు పెట్టి, "దీనికి డీజిల్ పోస్తరా, పాలు పడతరా?" అని అడిగేవారు. నేను పట్టించుకోలేదు. బుడ్డోడికి డీజిల్ ముల్లు లేదు కాబట్టి ట్యాంకులో ముంచి చూడ్డానికి టేకు పుల్ల ఒకటి చెక్కాను. ట్యాంకు లోతును పది సమాన భాగాలు చేసి పది గాట్లు పెట్టాను. పై ఐదు గాట్లు నింపడానికి సరిగ్గా పది లీటర్లు పట్టింది. అంటే గాటుకు రెండు లీటర్లు. రోడ్డు మీద ఒక గాటు నలభై నిమిషాలు నడుస్తుంది. అలా పై సగం మూడు సార్లు కొలిచి ఖాయం చేసుకున్నాను. జాగ్రత్తపరుణ్ణి కదా, డీజిల్ ఎప్పుడూ సగం కిందికి దిగనిచ్చేవాణ్ణి కాదు. (అందువల్ల సగం కింద ఏముందో చూసే అవకాశమే రాలేదు. జాగ్రత్త వల్ల వచ్చే నష్టం ఇలా ఉంటుంది.) కంపెనీ వాళ్లిచ్చిన పుస్తకంలో ట్యాంకు పదిహేడు లీటర్లని ఉంది. అచ్చు తప్పనుకుని పెన్సిల్‌తో కొట్టేసి ఇరవై అని దిద్దాను.

ఆ మాఘంలోనే నా పెళ్లి కుదిరింది. అమ్మాయిది పెనుబల్లి దగ్గర ఊరు. అడవి దారిలో ముప్పై ఆరు కిలోమీటర్లు. పెళ్లి వాళ్ల ఇంటి దగ్గరే. ముహూర్తం పగలు పది గంటల యాభై రెండు నిమిషాలకు. మర్నాటి నుంచి మూఢం, ఇక మూడు నెలలు పెళ్లిళ్లు లేవు. పిల్లనిచ్చే మామ లారీ పంపుతానన్నాడు. నేను ఒద్దన్నాను. గంటకు పన్నెండు కిలోమీటర్ల చొప్పున మూడు గంటలు, నాలుగున్నర గాట్లు, అని కాగితం మీద వేసి ఆయనకు చూపించాను. ఆయన కాగితం చూడలేదు, నన్నే చూశాడు.

"నీ బుడ్డిది అడవి దాటుద్దా అల్లుడూ?" అన్నాడు. "ముహూర్తం తప్పితే మా ఇంటికి మాటొస్తది. మూడు నెల్లు ఆగేటోళ్లం కాదు. ఇంకో సంబంధం వాళ్లు ఇప్పటికీ అడుగుతనే ఉన్నరు."

"పావుతక్కువ పదికల్లా మీ వాకిట్లో ఉంటాం మామా," అన్నాను. పదిహేను నిమిషాలు కలుపుకునే చెప్పాను.

పెళ్లిరోజు పొద్దున పుల్ల ముంచితే సరిగ్గా ఐదు గాట్లు. ఇంట్లో డీజిల్ నిల్వ పెట్టే డ్రమ్ము ఖాళీ. అయితే ఏం, నాలుగున్నర చాలు, అర గాటు మిగులు. మా బాబాయి (నాన్నకు తమ్ముడు, ఏ పనికైనా ముందు అనుమానం పడే మనిషి) పక్కింటి నుంచి ఒక క్యాన్ డీజిల్ తెచ్చుకుందామన్నాడు.

"ఒద్దు బాబాయ్. తొణికితే చీరలకు వాసన పడుతుంది. లెక్క సరిపోయింది."

"లెక్క సరిపోద్దిరా. డీజిల్ సరిపోద్దా అని అడుగుతున్న."

పనిముట్ల పెట్టె కూడా దింపించాను, లడ్డూల గంపకు చోటు కావాలని. పెళ్లికొడుకు చేతిలో ఇనుము ఉండాలని నాన్నమ్మ నిమ్మకాయ గుచ్చిన కత్తి ఇచ్చింది. కత్తి పట్టుకుని స్టీరింగ్ ఎలా తిప్పను? దింపిన పెట్టెలోంచి పద్నాలుగో నంబరు పానా తీసి చూపించి, "ఇదీ ఇనుమే కదా నాన్నమ్మా," అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, పసుపు దారం తెచ్చి పానాకు మూడు చుట్లు చుట్టి నా నడుముకు దోపింది. "గిట్లాంటి పెళ్లికొడుకును నా జన్మల చూడలే," అంది. పెళ్లికొడుకు తన బండి తానే నడపడమూ ఆమె జన్మలో చూడలేదు. కానీ బుడ్డోణ్ణి నేను ఇంకొకరి చేతికి ఇవ్వను.

ఆరున్నరకు బయల్దేరాం. నా ఎడమ మడ్గార్డు మీద గొడుగుతో నాన్నమ్మ, కుడివైపు చేతి గడియారంతో బాబాయి, వెనక తగిలించిన ట్రక్కులో అమ్మా నాన్నా, చుట్టాలూ, లడ్డూలూ. మోదుగు చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. ఎవరో పాట ఎత్తుకున్నారు. నేను మాత్రం ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా నిమిషాలు అడుగుతున్నాను. అన్నీ సరిపోతున్నాయి. ఇరవై ఎనిమిదో రాయి దాటగానే బుడ్డోడు ఒకసారి దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. తర్వాత చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. పాట మధ్యలో ఆగింది. గడియారంలో ఎనిమిదీ యాభై.

పుల్ల ముంచాను. పొడిగా వచ్చింది. తుడిచి మళ్లీ ముంచాను. మళ్లీ పొడే. ఇంకా గాటున్నర ఉండాలి! కింద దూరి చూశాను, ఎక్కడా కారిన తడి లేదు. వెనక్కి వెళ్లి ట్రక్కులో మనుషుల్ని లెక్కపెట్టాను. ఇరవై రెండు అనుకున్నది ఇరవై నాలుగు ఉన్నారు.

"ఇద్దరు ఎక్కువ ఎక్కారు! అందుకే అయిపోయింది!" అని అరిచాను.

"మనుషులు డీజిల్ తాగుతరారా?" అన్నాడు బాబాయి. ఆ ఇద్దరూ (మేనత్తా, ఆమె తోడికోడలూ) నేరం చేసినవాళ్లలా కిందికి దిగి చెట్టు పక్కన నిలబడ్డారు. ఇప్పటికీ మేనత్త ఆ మాట ఎత్తుతుంది.

ఇంకా ఎనిమిది కిలోమీటర్లు. నడిస్తే రెండు గంటలు, అదీ కుర్రవాళ్లకు. ముహూర్తానికి ఉన్నది రెండు గంటలా రెండు నిమిషాలు. నాన్నమ్మను వదిలి వెళ్లలేం. ఆ దారిలో బస్సు వచ్చేది మధ్యాహ్నం. మూడు నెలలు, ఇంకో సంబంధం, మామ చూసిన చూపు, అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. జీవితంలో మొదటిసారి ఏ అంకె తలుచుకున్నా భయమేసింది.

అప్పుడు నాన్నమ్మ గొడుగు పక్కకు తిప్పి, "ఆగుండ్రి. గదేం చప్పుడు?" అంది. అందరం చెవులు పెట్టాం. వాగు వైపు నుంచి టప్, టప్, టప్ అని నూనె ఇంజిన్. ఇంజిన్ ఉందంటే డీజిల్ ఉన్నట్టే. పసుపు పంచె పైకి కట్టి పరుగెత్తాను, బాబాయి వెనక.

వాగు ఒడ్డున మిర్చి తోటకు నీళ్లు పెడుతూ కోయగూడెం పెద్దాయన ఒకాయన ఉన్నాడు. బుగ్గన దిష్టిచుక్క, కాళ్లకు పారాణి, నడుముకు పానా ఉన్న మనిషి అడవిలోంచి పరుగెత్తుకు రావడం చూసి లేచి నిలబడ్డాడు.

"పెండ్లి నుంచి ఉరికొస్తున్నవా, పెండ్లికి ఉరుకుతున్నవా?" అన్నాడు.

"పెళ్లికే తాతా. డీజిల్ అయిపోయింది. కొంచెం ఇస్తే..."

ఆయన ఇంజిన్ ఆపాడు. మిర్చి మడిలోకి పోతున్న నీళ్లు మధ్యలో నిలిచిపోయాయి. పాకలోంచి డీజిల్ డబ్బా, మెడ పొడుగ్గా అడుగు గుండ్రంగా ఉన్న పాత సొరకాయ బుర్ర తెచ్చాడు. "తాగే బుర్ర కాదులే, ఇంజిన్ బుర్ర. ఎంత పొయ్యాలె?"

బుర్ర నాలుగు లీటర్లది ఉంటుందనిపించింది. నాకు కావలసింది రెండు. లెక్క నాలుక చివరే ఉంది. "సగం బుర్ర చాలు తాతా."

ఆయన బుర్రను ఎత్తి పట్టుకుని నా వైపు చూశాడు. "ఎత్తుకు సగమా, నీళ్లకు సగమా?"

"రెండూ ఒకటే కదా?"

ఆయన నవ్వలేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు వేలుతో చూపించాడు. "గిది ఎత్తుకు సగం. గీడిదాక పోస్తే బుర్ర నిండినట్టే. పైన మెడల ఏముంటది? గాలి. ఒక్క తీరుగ ఉంటదా ఏ బుర్రైనా?"

నేను అక్కడే నిలబడిపోయాను. బుడ్డోడి ట్యాంకు కళ్ల ముందుకొచ్చింది. పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ ఇంజిన్‌కు తగలకుండా వాలుగా సన్నబడిన అడుగు. ప్రతి ఆదివారం గుడ్డతో తుడిచే ట్యాంకే. కింది సగంలో పది లీటర్లు ఎక్కడ పడతాయి? పుస్తకంలో నేను కొట్టేసిన పదిహేడు అప్పుడు గుర్తొచ్చింది.

"ఏందిరా గట్ల నిలబడ్డవ్? జల్దీ!" అని బాబాయి రెక్క పట్టి గుంజాడు.

"నిండా పొయ్యి తాతా," అన్నాను. పెద్దాయన నిండా పోసి, బుర్రను తానే పట్టుకుని మా వెంట బయల్దేరాడు. "బుర్ర నాది. నేనూ వస్త. పెండ్లి బువ్వ గూడ తింట."

రోడ్డు మీదికి వచ్చేసరికి తొమ్మిదీ ముప్పై ఐదు. డీజిల్ పోశాం. అయితే డీజిల్ ఇంజిన్ ఒకసారి ఎండితే పైపుల్లో గాలి పడుతుంది. ఆ గాలి తీస్తే గానీ పలకదు. గాలి తియ్యాలంటే ఫిల్టరు మీది బోల్టు వదులు చెయ్యాలి. పనిముట్ల పెట్టె ఇంట్లో ఉంది. లడ్డూలు మాత్రం ఇక్కడున్నాయి. అందరూ లడ్డూల గంప వైపు చూశారు. నేను నడుము తడుముకున్నాను.

పద్నాలుగో నంబరు పానా. ఫిల్టరు బోల్టు పద్నాలుగే.

"పసుపు దారం ఇప్పకురా, అపశకునం," అంది నాన్నమ్మ. దారంతోనే తిప్పాను. డీజిల్‌ను పైకి తోసే చిన్న లివరును బొటనవేలితో కొడుతుంటే బోల్టు పక్క నుంచి నురగ, నురగ, మళ్లీ నురగ. వేలు వాచింది. బాబాయి ప్రతి ఐదు నిమిషాలకూ టైము చెబుతున్నాడు. వద్దంటే గొంతు తగ్గించి చెబుతున్నాడు. చివరికి నురగ ఆగి డీజిల్ సన్నటి దారంలా వచ్చింది. బోల్టు బిగించి సెల్ఫ్ కొట్టాను. తిరిగింది, పలకలేదు. రెండోసారి నీరసంగా తిరిగింది. మూడోసారి మూలిగింది. బ్యాటరీలో ఇంకొక్కసారికే బలం ఉంది. అది లెక్క కాదు, చెవికి తెలిసిన సంగతి. పెద్దాయన వంగి, ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే పంపు పక్కన చెయ్యి పెట్టాడు. "గీడ గూడ గాలుంటది. మా ఇంజిన్‌కు గట్లనే." అక్కడి బోల్టూ వదులు చేస్తే బుడగ ఒకటి టప్పున పగిలింది. బిగించాను. కళ్లు మూసుకుని నాలుగోసారి నొక్కాను.

బుడ్డోడు తుమ్మి, నల్లటి పొగ వదిలి అందుకున్నాడు. ట్రక్కులో ఈలలు. మేనత్తా తోడికోడలూ మాత్రం కదల్లేదు. "మమ్ముల ఎక్కమంటవా, నడిచి రమ్మంటవా?" అని అడిగింది మేనత్త. చేతులు జోడించి ఎక్కించాను. పదీ ఎనిమిది. నలభై నిమిషాల దారి.

పదీ నలభై ఎనిమిదికి మామ వాకిట్లో ఆగాం. మామ రోడ్డు మీదే ఉన్నాడు, మొహం గంటు పెట్టుకుని. నన్ను రెక్క పట్టి దింపి పందిట్లోకి పరుగెత్తించాడు. కాళ్లు కడగడం సగమే అయింది. (ఎత్తుకు సగమో నీళ్లకు సగమో తెలియదు.) చేతులు కడగడం అసలు అవలేదు. తెర అటు ఆమె, ఇటు నేను. పంతులుగారు చేతిలో పెట్టిన జీలకర్ర బెల్లం క్షణంలో నల్లబడింది. దాన్నే ఆమె తల మీద పెట్టాను. సరిగ్గా పదీ యాభై రెండుకే.

తెర దించాక ఆమె తల వంచుకునే, పెదాలు కదలకుండా మొదటి మాట అంది: "ఏందీ వాసన?"

"డీజిల్," అన్నాను. ఎన్ని లీటర్లో చెప్పబోయి ఆగాను. నా జీవితంలో మింగేసిన మొదటి అంకె అదే. మూడు సార్లు తల స్నానం చేసినా ఆ వాసన పోలేదని తర్వాత చెప్పింది. పెద్దాయన మాత్రం మొదటి పంక్తిలో కూర్చుని రెండు లడ్డూలు తిని, బుర్రలో మరో లడ్డూ పెట్టుకోబోతే మెడలో పట్టలేదు. నా వైపు చూసి అప్పుడు నవ్వాడు.

బుడ్డోడు ఇప్పుడు లేడు. పసుపు దారం రంగు పోయిన పానా మాత్రం బీరువాలో ఆమె చీరల మధ్య ఉంది, నా చేతికి ఇవ్వదు. నేను ఏ లెక్క చెప్పినా ఆమె అడిగేది ఒకటే. మొన్న అద్దం ముందు నిలబడి, "ఎట్లా చూసినా వయసు సగం దాటింది," అన్నాను.

"ఎత్తుకు సగమా, నీళ్లకు సగమా?" అంది వంటింట్లోంచి.

నవ్వాను. కింది సగం అనుకున్నదానికన్నా తొందరగా అవుతుందని తెలిసినవాణ్ణి. ఆవేళ లెక్కలన్నీ పక్కన పెట్టి, ఉల్లిపాయలు తరగడానికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఎన్ని తరిగామో లెక్కపెట్టలేదు.